నవోదయ పరీక్ష రాయిద్దాం! ఊరి బడిని వదలొద్దు!

ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులారా! టీచర్లారా! బడి కమిటీ సభ్యులారా! ఊరి పెద్దలారా!

నవోదయ దరఖాస్తుల కాలం వచ్చింది. మండల కేంద్రంలో ఏ స్తంభం చూసినా కోచింగ్ ఫ్లెక్సీయే. "సీటు గ్యారంటీ" అని రాసిన ఆ ఫ్లెక్సీలు చూసి వడ్డీకి డబ్బు తెచ్చి కడుతున్నది మనమే. పదేళ్ళ పిల్లల్ని తెల్లవారకముందే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా మోడల్ పేపర్ల ముందు కూర్చోబెడుతున్నారు. ఆటలు బంద్, సెలవులు బంద్. చూస్తూ ఊరుకోలేక ఈ కరపత్రం వేస్తున్నాం. మేం చెప్పేది ఒక్కటే: పరీక్ష అందరిచేతా రాయిద్దాం. దానికోసం పిల్లల బాల్యాన్నీ, ఊరి బడినీ పణం పెట్టొద్దు.

నవోదయ మంచి బడే

పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. తిండి, వసతి, చదువు ఒకేచోట ఉచితంగా దొరికితే పేదింటి పిల్లలు ఎంత ఎదుగుతారో అది చూపించింది. ఆయన కేంద్ర మంత్రిగా విద్యాశాఖ చూస్తున్న రోజుల్లోనే, 1985-86లో, అదే తరహాలో నవోదయలు వచ్చాయి.

ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా అక్కడ సీబీఎస్ఈ చదువు. భోజనం, హాస్టల్, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి నెలకు 600 రూపాయల వికాస్ నిధి కట్టాలి. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్ళకు అదీ లేదు. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలవి, మూడో వంతు ఆడపిల్లలవి. టీచర్లు ఆవరణలోనే ఉంటారు కాబట్టి రాత్రిపూట లెక్క రాకపోయినా అడగడానికి మనిషి దొరుకుతారు. తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాదిపాటు మరో భాష మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు. కూలికి పోయే తల్లి బిడ్డకు ఇంతకంటే పెద్ద అండ ఏముంది? సీటు వస్తే కళ్ళకద్దుకోవాల్సిందే.

మరి నష్టం ఎక్కడ?

ఒక్కో నవోదయలో ఆరో తరగతి సీట్లు ఎక్కువలో ఎక్కువ 80. రాసేవాళ్ళు జిల్లా అంతా ఉంటారు. అంటే రాసినవాళ్ళలో ఎక్కువమందికి సీటు రాదు. పరీక్షలో 80 ప్రశ్నలు, రెండు గంటల సమయం. మేధాశక్తి, లెక్కలు, భాష, అంతే. ఆ రెండు గంటల్లో పిల్ల ఓర్పు కనబడదు, కుతూహలం కనబడదు. జ్వరంతో రాసిందో, ఓఎంఆర్ షీటు చూసి బెదిరిందో ఎవరికీ తెలియదు. అయినా ఫలితాలు రాగానే "మా వాడు మొద్దు" అనేస్తున్నాం. పదేళ్ళకే పడిన ఆ ముద్రను పిల్లలు పదో తరగతి దాకా మోస్తున్నారు.

సీటు వచ్చిన పిల్లలకూ కష్టం ఉంది. అమ్మ పక్కన పడుకునే వయసులో హాస్టల్ మంచం. ఊళ్ళో ఫస్టు వచ్చిన పిల్ల అక్కడ అందరూ ఫస్టులే అయినచోట ఒక్కసారిగా వెనకబడ్డట్టు అనిపించి కుంగిపోవచ్చు. కొందరు నెలలో అలవాటు పడతారు, కొందరు పడలేరు. పడలేని పిల్లను పిరికిదని తిట్టడం అన్యాయం.

ఊరికీ నష్టం ఉంది. చురుకైన పిల్లలు వెళ్ళిపోతే వాళ్ళతోపాటు బడికొచ్చి గట్టిగా అడిగే తల్లిదండ్రులూ వెళ్ళిపోతారు. మిగిలిన పిల్లల తరఫున నోరెత్తేవాళ్ళు ఉండరు.

ఫ్లెక్సీల మీద రాయని నిబంధనలు

ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. "ఐదో తరగతి మళ్ళీ చదివించండి, వచ్చే ఏడాది వస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. పల్లె కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్ళలో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా పట్నం అభ్యర్థి కిందే లెక్క. కోచింగ్ కోసమని పిల్లను టౌను బడికి మారిస్తే ఉన్న కోటా పోతుంది. ఐదో తరగతి ఏ జిల్లాలో చదువుతుంటే ఆ జిల్లా నవోదయకే రాయాలి. దరఖాస్తుకు ఫీజు లేదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది.

సీటు రాకపోతే?

ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. పాసై ఎంపికైన సర్కారు బడి పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. నవోదయ పిల్లలకు ఈ స్కాలర్‌షిప్ ఉండదు. తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే నవోదయకు వేరే పరీక్ష పెడతారు. పదో తరగతి తర్వాత 2008లో మొదలైన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలున్నాయి. అక్కడ పదో తరగతి మార్కులే ఆధారం. జిల్లా పరిషత్ హైస్కూలు వంటి హాస్టల్ లేని సర్కారు బళ్ళ పిల్లల మార్కులకు అదనంగా కొంత కలుపుతారు.

ఇంకో మాట. అమెరికాలోని బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే హైస్కూళ్ళ మీద ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. కటాఫ్‌కు కాస్త పైనుండి సీటు తెచ్చుకున్నవాళ్ళకూ, కాస్త కిందనుండి పోగొట్టుకున్నవాళ్ళకూ ఆ తర్వాతి పరీక్షల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ నగరాలు వేరు, మన పల్లెలు వేరు. అయినా సీటు పోతే బతుకే పోయిందనే భయానికి ఆధారం లేదని అది చెబుతోంది.

మన బడికి చట్టం అండ ఉంది

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలి. అందులో దినపత్రికలు, కథల పుస్తకాలు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సు-లెక్కలకు, సోషల్‌కు, భాషలకు విడివిడిగా టీచర్లుండాలి. టీచరు పోస్టుల్లో ఖాళీలు పది శాతం దాటకూడదు. బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళే ఉండాలి. నవోదయలో మనకు నచ్చినవాటిలో సగం ఇక్కడే అడిగి తెచ్చుకునే హక్కు మనకుంది.

రండి, ఈ ఐదు పనులు చేద్దాం

1. ఐదో తరగతిలో అర్హత ఉన్న ప్రతి పిల్లతో దరఖాస్తు పెట్టిద్దాం. కొడుకుకు పెట్టి కూతురికి ఎగ్గొట్టడం ఇక చాలు.

2. అప్పు చేసి కోచింగ్‌కు పంపొద్దు. ఊళ్ళో డిగ్రీ చదివిన పిల్లలున్నారు. రోజూ సాయంత్రం ఒక గంట బడి వరండాలో పిల్లలందరికీ కలిపి ఉచితంగా చెప్పించుకుందాం. గంట దాటితే ఆటకు వదిలేద్దాం.

3. సీటు వస్తే పిల్లను అడిగే పంపిద్దాం. ఉండలేనంటే ముఖం చిన్నబుచ్చకుండా వెనక్కి తెచ్చుకుందాం.

4. రాకపోతే ఒక్క తిట్టు, ఒక్క పోలిక ఇంట్లో వినబడకూడదు. మర్నాడే ఆరో తరగతి పుస్తకం చేతికిద్దాం.

5. మన హైస్కూల్లో ఏ పోస్టు ఖాళీగా ఉందో, లైబ్రరీ ఎందుకు తాళం వేసి ఉందో కమిటీలో అడిగి, తీర్మానం రాయించి, మండల విద్యాధికారికి ఇద్దాం. పిల్లలు నవోదయకు వెళ్ళిన తల్లిదండ్రులు కూడా మాతో రావాలి. ఊరి బడే మీ పిల్లలకు అక్షరాలు నేర్పింది.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు బడి ఆవరణలో కూర్చుందాం. అమ్మలు తప్పకుండా రావాలి. పిల్లల ఆధార్ కార్డు, ఫోటో తెచ్చుకోండి. దరఖాస్తులు అక్కడే నింపుదాం, తీర్మానం మీద సంతకాలూ అక్కడే పెడదాం.

ప్రతి పిల్లకూ పరీక్ష రాసే అవకాశం కావాలి!
ఏ పిల్ల మీదా ఓడిందనే ముద్ర వద్దు!
ఖాళీ పోస్టులు వెంటనే నింపాలి!
ఊరి బడి మనందరిది, కాపాడుకుందాం!

ఇట్లు,
ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు, టీచర్లు

(చదివాక పారేయకండి. పక్కింటివాళ్ళకు ఇవ్వండి. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి.)