మంద్రస్వరమునకు మహాయంత్ర మేల?

గడచిన వేసవి సెలవులలో మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. పెండ్లిండ్లలోను జాతరలలోను పాడెడి యొక ఆర్కెస్ట్రాలో అతడు బేస్ గిటారు వాయించును. “అయ్యవారూ, 500 వాట్ల యాంప్లిఫయరు ఒకటి చూసి వచ్చినాను. అమ్మ తన గాజులు కుదువ పెడతానంటా ఉంది. మీరేమంటారు?” అని యడిగెను. ఈ ప్రశ్న తెలుగు పంతులునకేల వచ్చెనని మీరు నవ్వవచ్చును. తిరుపతిలో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో నేనును రెండేండ్లు కచేరీలలో బేస్ గిటారు వాయించి, ఆ సొమ్ముతో పుస్తకములు కొనుక్కొన్నవాడను. ఆ సంగతి అతడెరుగును. మీలోను గిటారు పట్టవలెనని ముచ్చటపడువారు కొందరున్నారు గనుక, అతనికి చెప్పిన మాటలనే ఇచ్చట వ్రాయుచున్నాను.

నా అభిప్రాయమును ముందుగనే చెప్పెదను. బేస్ వాయించువాడు తన చేతికి తగిన వాద్యమును, తాను నిలుచు చోటికి తగిన యంత్రమును కొనవలెను. ప్రక్కవాని యంత్రమును చూచి కొనరాదు. అప్పు చేసి తెచ్చిన పెద్ద శబ్దము పెద్ద సంగీతము కానేరదు.

మొదట వాద్యమును గూర్చి చెప్పెదను. మనిషి యెత్తుండెడి డబుల్ బేస్‌ను మోయలేకయు, దాని ధ్వని యితర వాద్యముల నడుమ వినబడకయు వాద్యకారులు కష్టపడుచుండగా, 1951లో అమెరికాలో లియో ఫెండరు మెట్లు గల ఎలక్ట్రిక్ బేస్‌ను విపణికి తెచ్చెను. మెట్లుండుటచే స్వరము నిర్దుష్టముగా పలుకును గనుక దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టెను. నేటికిని సామాన్యమైన బేస్‌కు తీగలు 4, తీగ పలుకు భాగపు పొడవు 34 అంగుళములు. చేతులు చిన్నవైనవారికి 30 అంగుళముల పొట్టి బేస్‌లు కలవు. పాల్ మెకార్ట్‌నీ బీటిల్స్ బృందములో ప్రసిద్ధికెక్కించిన వయొలిన్ ఆకారపు హోఫ్నరు బేస్ ఈ జాతిదే. కావున పొట్టిది పట్టుట చిన్నతనము కాదు.

అంగడిలో వాద్యమును చూచునపుడు రంగును చూడకుడు. భుజమునకు తగిలించుకొని అరగంట నిలువుడు. రాత్రి 4 గంటల సేపు మోయవలసినది మీ భుజమే గదా! ప్రతి మెట్టుమీదను ప్రతి తీగను మీటి, గరగర శబ్దము వచ్చునేమో వినుడు. మెడ వంగినదేమో కంటితో చూడుడు. లోపల 9 వోల్టుల బ్యాటరీ గల వాద్యమైనచో, పని లేనపుడు తీగను ఊడదీయవలెను. పెక్కు వాద్యములలో తీగ తగిలియున్నంత సేపును బ్యాటరీ ఖర్చగుచునే యుండును. ఈ సంగతి తెలియక పాట నడుమ మూగవోయిన బేస్‌లను నేను చూచితిని.

ఇక యాంప్లిఫయరు. బేస్‌కు గిటారుకంటె ఎక్కువ శక్తి కావలెననుట సత్యమే. బేస్‌లోని కడపటి తీగ సెకనుకు సుమారు 41 పర్యాయములు కంపించును. అంత మంద్రమైన ధ్వనికి మన చెవి మందముగా స్పందించును. చిన్న గిటారు యాంప్లిఫయరునకు బేస్ తగిలించి గట్టిగా వాయించినచో స్పీకరు చినిగిపోవచ్చును. అయితే వాట్ల లెక్కలో ఒక మోసము కలదు. 100 వాట్లు 200 అయినచో ధ్వని రెట్టింపు కాదు, 3 డెసిబెల్సు మాత్రమే పెరుగును. చెవికి రెట్టింపుగా తోచుటకు సుమారు పది రెట్ల శక్తి కావలెను. కాబట్టి 300 వాట్లకును 500 వాట్లకును వెలలో నున్నంత భేదము వినికిడిలో నుండదు.

మన హోసూరు ప్రాంతపు కచేరీలను గమనింపుడు. మండపములో వెనుక వరుసవానికి వినబడునది వాద్యకారుని యాంప్లిఫయరు కాదు, మైకుసెట్టువారి పెద్ద స్పీకర్లు. బేస్ ధ్వనిని డీఐ పెట్టె ద్వారా వారి మిక్సరునకు పంపుదురు. అట్టిచో మన యాంప్లిఫయరు మనకును, ప్రక్కనున్న డ్రమ్ములవానికిని వినబడిన చాలును. డ్రమ్ములతో కలిసి వాయించువానికి 100 మొదలు 300 వాట్లలోపు యంత్రము సాధారణముగా సరిపోవును. దానిని ఒక్కచేత మోసికొని బస్సు ఎక్కగలిగినచో మరియు మేలు. మైకుసెట్టు లేని చోట్ల వాయింపవలసి వచ్చినచో పెద్ద యంత్రము కావలసిన మాట నిజమే. అట్టి కచేరీలు ఏడాదికెన్నియో లెక్కించుకొని, ఆ దినములకు అద్దెకు తెచ్చుకొనుట బుద్ధిమంతుల పని.

వాడుకలో కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నది. 8 ఓముల స్పీకరు పెట్టెలు రెండింటిని సమాంతరముగా తగిలించినచో భారము 4 ఓములగును. యంత్రము అంతకు తాళునో లేదో దాని వెనుక వ్రాసియుండును, చదువుడు. స్పీకరునకు స్పీకరు తీగనే వాడుడు, గిటారు తీగ పనికిరాదు. హమ్మను రొద వచ్చుచున్నదని మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్తు కాలును విరచువారున్నారు. తీగలమీద చేయి, మైకుమీద పెదవి యుంచి నిలుచువానికి ఆ ఎర్తే ప్రాణరక్ష. రొదను సహింపవచ్చును గాని, ఎర్తును తీయరాదు.

ఇంటిలో ఒంటరిగా వాయించునపుడు మంద్రమును పెంచిన ధ్వని గంభీరముగా తోచును. వేదికమీద అదే ధ్వని గోడలకు తగిలి మ్రోగి, మాట తెలియని గుమగుమగా మారును. అప్పుడు వాల్యూము పెంచుట తప్పు. మంద్రమును తగ్గించి మధ్యమ ధ్వనిని కొంచెము పెంచినచో స్వరము స్పష్టపడును. యంత్రమును మూలలో పెట్టక ముందుకు జరుపుటయు మంచిదే.

అన్నిటికంటె ముఖ్యమైనది చెవి. 85 డెసిబెల్సు ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, 3 డెసిబెల్సు పెరిగినకొలది ఆ కాలము సగమగుననియు అమెరికాలోని వృత్తిభద్రతా పరిశోధన సంస్థవారు నిర్ణయించిరి. ఆ లెక్కను 100 డెసిబెల్సునకు హద్దు 15 నిముషములే. తిరుపతిలో నేను ఈ లెక్కలెరుగక, డ్రమ్ముల తాళముల ప్రక్కన రెండేండ్లు నిలిచితిని. నా కుడిచెవిలో కీచురాయి కూసినట్టి నాదము నేటికిని ఆగలేదు. తరగతిలో వెనుక బల్లవారు మెల్లగా జవాబు చెప్పిన నేను రెండవమారు అడుగుట మీరెరుగుదురు. కారణ మిది. కొద్ది రూపాయల చెవిబిరడాలు ఆనాడు కొనియున్నచో ఈ నష్టము తప్పెడిది. పొరుగువారి చెవులును చెవులే. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట లౌడుస్పీకర్లు వాడుటను 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు సామాన్యముగా నిషేధించుచున్నవి.

మరి బేస్ వాయించువాని ఘనత యెందున్నదని అడుగుదురేమో. పద్యములో యతి యెట్టిదో పాటలో బేస్ అట్టిది. యతి కుదిరినపుడు వినువాడు దానిని ప్రత్యేకముగా గమనింపడు, తప్పినపుడు మాత్రము ఉలిక్కిపడును. పెద్ద డ్రమ్ము దెబ్బయు బేస్ స్వరమును ఒక్క క్షణమున పడినచో పాట తనంతట నడచును. ఇళయరాజాగారి పాటలను బేస్‌మీదనే చెవియుంచి వినుడు. గాయకుని మాటను కప్పక ఆ మంద్రస్వరము తన దారిని తానెట్లు నడచునో తెలియును. మన యూరి కచేరీలో ఒకే రాత్రి తమిళము, తెలుగు, కన్నడము మూడును పాడుదురు. గాయకులు మారినను బేస్ వాయించువాడు మారడు. మూడు భాషలకును అతడే నేల.

ఆ విద్యార్థి నా మాటలు విని మారుపలుకక వెళ్ళెను. పిదప 150 వాట్ల పాత యంత్రము నొకదానిని బెంగుళూరులో కొని, మరమ్మతు చేయించుకొన్నాడని తెలిసినది. మొన్న ఒక జాతరలో అతని కచేరీ వింటిని. పాట నడుమ తీగ తెగి, అతడు ఒక నిముషము ఆగెను. ఏమి జరిగినదో జనులకు తెలియలేదు గాని, పాట ఒక్కసారిగా పలుచబడుటచే తలలెత్తి వేదికవైపు చూచిరి. మరల అతడు వాయించినంతనే ఎవరి మాటలలో వారు పడిరి. ముందు వరుసలో అతని తల్లి కూర్చుండి యుండెను. గాజులు చేతికే యున్నవి.