మా మేలుకే అయితే మమ్మల్ని అడగరేం?

విదేశీ సాయం పత్రాల్లో 'ప్రపంచ ఉమ్మడి మేలు' అనే మాట తరచు కనిపిస్తుంది. అంటురోగాల అదుపు, టీకాలు, పరిశోధన ఫలితాలు ఒకచోట సాధిస్తే అన్ని దేశాలకూ పనికొస్తాయి కనుక ఖర్చు అందరూ పంచుకోవాలంటారు. ఖర్చు సంగతి సరే, ఆ మేలు ఎవరి ఒంటిమీద తయారవుతోందని నా ప్రశ్న.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేయడం మొదలుపెట్టారు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకా మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం తోడు నిలిచాయి. పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి వేశారు. వారిలో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు ఎందరో. మహిళా సంఘాలు నిలదీశాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక చూడండి. మన రాష్ట్రపు 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు!

ఐదుగురు పిల్లలు చనిపోయారు. టీకాకూ ఆ చావులకూ సంబంధం కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. నేను టీకాకు వ్యతిరేకిని కాను. ఈ కాన్సర్‌కు ఎక్కువగా బలయ్యేది పేద స్త్రీలే, టీకా మనకు కావాలి. కానీ వార్డెన్ తల్లి కాదు. తల్లిని అడక్కుండా చేసిన మేలు దానమూ కాదు, హక్కూ కాదు.

మా చీరాలకు ఇది తెలియని పాఠం కాదు. 1919లో చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచారు. ఊరి బాగుకేనన్నది సర్కారు వాదన. మమ్మల్ని అడిగారా అని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం 1921లో ఇళ్లు విడిచి రామనగరం పాకల్లో పదకొండు నెలలున్నారు. హాస్టల్ పిల్ల ఎక్కడికి లేచిపోగలదు?

మనలో చాలామందిమి ప్రాజెక్టుల డబ్బుతోనే వాడవాడా తిరుగుతున్నాం. మన ఫారాల్లో 'ఎంతమందికి అందింది' అనే గడి ఉంటుంది. 'ఎంతమంది వద్దన్నారు' అనే గడి నేనెన్నడూ చూడలేదు.

అందుకే అడుగుదాం. అంగీకార పత్రం తల్లికి అర్థమయ్యే భాషలో ఉండాలి, ఆమెకు చదివి వినిపించాలి. మొదటి సూదికి ముందే నష్టపరిహారం సొమ్ము దాత పక్కన పెట్టాలి. ఫలితాలు ప్రపంచానికి చెప్పేముందు ఆ ఊరికి చెప్పాలి. వీటికి ఒప్పుకోని ప్రాజెక్టు మన గడప తొక్కకూడదు.