క్రిస్మస్ ఇల్లు ఎట్ల ఉండాలె? మన చుట్టం గడప దాటి వచ్చి కూర్చునేలా ఉండాలె



డిసెంబర్ పడ్డదంటే మన గ్రూపుల ఒకటే ముచ్చట. "అన్నా, ఈసారి హాల్‌కు ఏ థీమ్ పెడుదాం?", "అక్కా, ట్రీ ఎక్కడ తక్కువకు దొరుకుతది?", "కేక్ ఆర్డర్ ఇద్దామా, ఇంట్లనే చేద్దామా?" గోదావరిఖని లక్ష్మీనగర్ షాపులల్ల నక్షత్రాలు వేలాడుతుంటే పిల్లల కాళ్ళు అక్కడనే ఆగుతయి. మంచి సంగతే. ఏడాదికి ఒక్కసారి ఇల్లు మెరిసిపోవాలని ఎవరికి ఉండదు?

ఈ పోస్ట్ క్రిస్మస్ చేసుకునే ఇండ్లకు, చేసుకోకున్నా చేసుకునే చుట్టాలున్న ఇండ్లకు. మనలో చాలామందివి రెండో రకం ఇండ్లే. తిర్యాణి దిక్కు ఊర్లో పెద్దనాయన పెర్సాపేన్‌కు మొక్కుతడు, 8 ఇంక్లైన్ కాలనీ దిక్కు క్వార్టర్‌లో చిన్నాయన ఆదివారం చర్చికి పోతడు. ఇద్దరిదీ ఒక్కటే ఇంటిపేరు, ఒక్కటే సగ. నా మాట ఒక్కటే. పండుగ ఇల్లు ఎంత స్టైల్‌గా ఉన్నదని కాదు, ఆ పెద్దనాయన వచ్చి బెరుకు లేకుండా కూర్చుని తిని పోయేలా ఉన్నదా అని చూడాలె. డెకరేషన్, వంట, ఆనవాయితీ మూడింటినీ ఈ కొలతతోనే ప్లాన్ చేయాలంటున్న.

ముందు పైసల ముచ్చట. సింగరేణిలో లాభాల వాటా దసరా ముందు పడుతది, బోనస్ దీపావళి ముందు పడుతది. డిసెంబర్ వచ్చేసరికి రెండూ కరిగిపోయి ఉంటయి. అదిగూడ పర్మినెంట్ కార్మికుల సంగతి. 2024లో పర్మినెంట్ కార్మికునికి లాభాల వాటా సగటున 1.90 లక్షల రూపాయలని ప్రకటించారు. కాంట్రాక్ట్ కార్మికులకు అదే ఏడు మొదటిసారిగా 5,000 రూపాయలు ప్రకటించారు. ఈ రెండు రకాల కుటుంబాలు ఒక్కటే చర్చిలో, ఒక్కోచోట ఒక్కటే గల్లీలో ఉంటయి. ఒక ఇంటి ముందు ఆరడుగుల చెట్టు, సీరియల్ బల్బులు, ఫొటో పాయింట్ పెడితే పక్కింటి పిల్ల వాళ్ళమ్మను ఏమడుగుతది? ఆ తల్లి ఫైనాన్స్ గ్రూపు దగ్గర ఎంత తెచ్చి, ఏ నెల దాకా కడుతది? మన రీల్స్‌లో ఈ లెక్క కనబడదు. పండుగకు అప్పు చేయొద్దని పెద్దలు పెండ్లిళ్ళప్పుడే చెప్పి చెప్పి అలసిపోయిన్రు. క్రిస్మస్‌ను ఇంకో పెండ్లి చేయొద్దు.

"చెట్టు లేకుంటే క్రిస్మస్ ఎట్లయితది?" అంటరు కొందరు. ఆ చెట్టు సంగతి తెలుసుకుందాం. బైబిల్‌లో క్రిస్మస్ చెట్టు లేదు. అది జర్మన్ ప్రాంతాల్లో పుట్టిన ఇంటి అలవాటు. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ లండన్ పత్రికలో అచ్చయ్యాక ఇంగ్లండ్‌లో ఇంటింటికీ పాకింది. వాళ్ళ అడవిలో చలికాలం కూడా పచ్చగా ఉండే చెట్టు అది, అందుకే తెచ్చి పెట్టుకున్నరు. మనం కాగితపు నక్షత్రం కడుతున్నం కదా, అసొంటిదే ఒకటి 1830లలో జర్మనీలోని ఒక మొరేవియన్ బడిలో పిల్లలకు లెక్కలు నేర్పడానికి తయారైంది. పశువుల పాక బొమ్మల కొలువు 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఫ్రాన్సిస్ అనే సన్యాసి మొదలుపెట్టింది. అంటే ప్రతి ఊరూ తన దగ్గర ఉన్నదాంతోనే ఈ పండుగను అలంకరించుకున్నది. మన దగ్గర మంచు పడదు. బొగ్గు దుమ్ము పడుతది. దూది పరిచి మంచు అనుకోవడం కన్నా మన దగ్గర ఉన్నదేందో చూసుకోవడం నయం.

నక్షత్రంతోనే మొదలుపెడుదాం. ఫిలిప్పీన్స్‌లో వెదురు పుల్లలతో 'పరోల్' అనే నక్షత్రం కడుతరు. అది మన చేతికి తెలిసిన పనే. ఒక్కటే కొలత ఉన్న వెదురు బద్దలు పది తీసుకోవాలె. ఐదింటితో ఒక నక్షత్రం, ఐదింటితో ఇంకో నక్షత్రం కట్టాలె. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ దారంతో బిగించాలె. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల జానెడు కన్నా చిన్న పుల్లలు అడ్డంగా పెడితే నడుమ ఉబ్బుతది. దాని మీద తెల్ల కాగితం వద్దు. ఓపెన్‌కాస్ట్ పక్క కాలనీల్లో తెల్ల కాగితం వారానికే బూడిద రంగుకు వస్తది. రంగు గ్లాస్ పేపర్ అతికించండి, తడిగుడ్డతో తుడిస్తే మళ్ళా మెరుస్తది. లోపల ఎల్ఈడీ బల్బే పెట్టాలె. పాత రకం బల్బు వేడికి కాగితం అంటుకుంటది. వచ్చే ఏడు బద్దలు అవే, కాగితం మార్చుకుంటే చాలు.

క్వార్టర్ గోడలు కంపెనీవి, రంగులు వేయడానికి లేదు, మేకులు కొట్టినా పంచాయితీ. అందుకే గోడకు ఒక గుడ్డ కట్టండి. ఊర్ల పండుగకు ఇల్లు ఎర్రమన్నుతో అలికి అంచులకు తెల్లసున్నం పెడుతరు కదా, అదే ఎరుపు, అదే తెలుపు గుడ్డ మీదికి తేవచ్చు. లంబాడా ఇండ్లల్ల అద్దాలు కుట్టిన పాత గుడ్డ పెట్టెలో మడిచి ఉంటది. దీపం ఎదురుగ దాన్ని కడితే ఏ సీరియల్ బల్బూ దాని ముందు నిలువదు. ఎరుకల అక్కల దగ్గర కొన్న బుట్టను తలకిందులు చేసి బల్బుకు తొడిగితే గోడంతా నీడల ముగ్గే. ఉషేగావ్‌లో ఓజాలు పోసే ఇత్తడి గంటలు, బొమ్మలు ఉన్నయి. ఆదిలాబాద్ డోక్రా పేరుతో ఆ పనితనానికి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. ఏడాదికి ఒక్క గంట కొన్నా పదేండ్లకు పది గంటలు, ప్లాస్టిక్ బంతుల లెక్క పలిగిపోయేవి కావు. నార్నూరు మండలం గుంజాల ఊరి రాతప్రతుల్లో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. దండగట్టి 'మెర్రీ క్రిస్మస్' వేలాడదీసే బదులు ఆ లిపి నేర్చిన పిల్లలతోని ఇంట్ల అందరి పేర్లు రాయించి కట్టండి. తాత తన పేరు గోడ మీద ఏ అక్షరాలల్ల ఉన్నదో అడిగి తెలుసుకుంటడు. దాన్ని మించిన స్టైల్ నాకు తెలువదు.

ఇగ వంట. కేరళ తలశ్శేరిలో మాంబళ్ళి బాపు అనే బేకరీ ఆయన 1883లో ఒక తెల్లదొర కోసం క్రిస్మస్ కేక్ చేసిండని, మన దేశంలో అదే మొదటిదని చెప్పుకుంటరు. దొర ఫ్రెంచి బ్రాందీ వేయమంటే ఆయన జీడిమామిడి పండు, అరటిపండుతో అక్కడ దొరికే సరుకే వాడిండట. అంటే ఈ దేశం కేక్ మొదలైందే లోకల్ సరుకుతో. మనకు ఇప్పపువ్వు ఉన్నది. ఎండాకాలం ఏరి ఎండబెట్టింది ఊర్ల డబ్బాలల్ల ఉంటది. ఉట్నూరులో మన ఆడబిడ్డలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్మి పేరు తెచ్చుకున్నరు. ఎండిన పువ్వు లోపలి కేసరాలు తీసి, రెండు మూడు నీళ్ళల్ల కడిగి, నానబెట్టి కిస్మిస్‌కు బదులు కేక్‌లో కలిపి చూడండి. ఓవెన్ లేని ఇంట్ల నువ్వులు, పల్లీలు, బెల్లంతో లడ్డూ చుట్టినా చాలు.

ఇప్ప దగ్గరనే ఒక సున్నితమైన మాట. మన పాత పద్ధతిలో ఇప్పసార పూజలో ధార పోసేది, చుట్టానికి ఇచ్చేది. చర్చికి పోయే ఇండ్లల్ల దాన్ని ముట్టరు. రెండు దిక్కులా గౌరవం పోకుండా ఉండాలంటే పండుగ పంక్తిలో సార ఉండొద్దు, కానీ దాని పేరు తీసి ఎవరినీ ఎగతాళి చేయొద్దు. పువ్వు తీపి రూపంలో విస్తరిలో ఉంటే పెద్దనాయనకు తన చెట్టును ఇంట్లోకి రానిచ్చినట్టే ఉంటది. మాంసం సంగతి కూడా అంతే. మన ఇంటిపేర్లల్ల కొందరు తమ గోత్రపు జంతువును తినరు. వండినంక కాదు, వండకముందే అడగాలె. కోడి కూర, జొన్న రొట్టె, గారెలు, పప్పు ఉంటే ఎవరూ ఆకలితో లేవరు. థర్మాకోల్ ప్లేట్లు కొనే పైసలతో మోదుగు విస్తర్లు వస్తయి.

ఆనవాయితీల దగ్గరకొస్తే, బొగ్గుబావి ఇంటికి మొదటి ఆనవాయితీ షిఫ్ట్ టైమ్. 24 రాత్రి చర్చిలో ఆరాధన, 25 పొద్దుగాల బాపు నైట్ షిఫ్ట్ దిగి కండ్లు మూతబడుతుంటే కేక్ కోయించి ఫొటోకు నిలబెడుతున్నం. ముందే షిఫ్ట్ చార్ట్ చూసి, అందరూ ఇంట్ల ఉండి, నిద్రలు తీరిన టైమ్‌కే పెద్ద భోజనం పెట్టుకుందాం. అది మధ్యాహ్నం మూడైనా సరే, 26 తారీఖైనా సరే. రెండోది, తినేముందు ప్రార్థన ఒక్కటన్నా ఇంట్ల మాట్లాడే భాషలో ఉండాలె. గోండి, కోయ, లంబాడీ, ఎరుకల, ఏదైతే అది. మూడోది, ఆ రోజు పిల్లలకు సగ సంబంధాలు చెప్పాలె. నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల సగలేంది, ఎవరు అన్నదమ్ముల వరుస, ఎవరు బావల వరుస అని. చర్చి మారినా వరుస మారదు.

"ఇట్ల కలిపితే అటు దేవునికీ కాదు, ఇటు పేన్‌కూ కాదు" అనే వాళ్ళు రెండు దిక్కులా ఉన్నరు. వాళ్ళ భయం నాకు అర్థమైతది. నేను మొక్కులను కలపమంటలేను. ఎవరి మొక్కు వాళ్ళదే. కలపమంటున్నది కూర్చునే చాపను. మిజోరంలో తొలినాళ్ళ చర్చి వాళ్ళ ఖువాంగ్ డోలును దూరం పెట్టింది. ఇయ్యాల ఆ డోలు లేకుండా వాళ్ళ చర్చి పాట లేదు. మన పక్కనే డోర్నకల్ చూడండి. 1912లో బిషప్ అయిన అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్. ఆయన కట్టించి 1939లో తెరిచిన కెథెడ్రల్‌లో గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక రెండూ కనబడుతయి. చూసినోనికి ఇది ఈ నేలదేనని తెలువాలని ఆ పెద్దమనిషి కట్టించిండు.

దీంట్ల ఇంకో పెద్ద సంగతి ఉన్నది. "క్రిస్మస్ చేసుకునేటోడు ఆదివాసి ఎట్లయితడు?" అని డీలిస్టింగ్ పేరుతో అడుగుతున్నరు. ఇయ్యాల ఉన్న చట్టం ప్రకారం 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం నిబంధన ఉన్నది, ఎస్టీ ఉత్తర్వులో లేదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2004లో సుప్రీంకోర్టు కూడా మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదన్నది. అయితే అదే తీర్పులో, ఆ మనిషి తెగ ఆచారాలు, పద్ధతులు ఇంకా పాటిస్తున్నడా అనేది చూడాలని కూడా చెప్పింది. సర్టిఫికెట్ కోసం పండుగ నాడు వేషం కట్టమని నేనంటలేను. ఆచారమంటే ఎవరో అధికారి ముందు చూపించేది కాదు, మనింట్లో రోజూ జరిగేది. కానీ మన భాష, మన వరుసలు, మన తిండి మనమే ఇంట్లకెళ్ళి బయట పెడితే, రేపు ఎవడో వచ్చి "మీరు వాళ్ళు కాదు" అన్నప్పుడు జవాబు చెప్పేది ఎవరు? మనోళ్ళే చెప్పాలె, "వీడు మా సగోడు, మొన్న వాళ్ళింట్ల తిన్నం" అని. పిలువకుంటే ఆ మాట ఎట్ల అంటరు?

షాపు చెట్టు కొనుక్కున్నోళ్ళు తప్పు చేసిన్రని నేను అనను. చేతిల పైసలుండి, పిల్లలు ముచ్చట పడితే కొనండి. అప్పు తెచ్చి మాత్రం కొనొద్దు. కొన్న చెట్టు పక్కనే ఒక చాప పరవండి.

23 తారీఖు సింగరేణి డే. ఆ రోజు స్టాళ్ళ దగ్గర తిరిగి వచ్చినంక రెండు రోజుల టైమ్ ఉంటది. వెదురు బద్దలు కట్టడానికి ఒక పొద్దుమాపు చాలు. కానీ అంతకు ముందే, ఈ వారంలనే, ఊర్ల ఉన్న పెద్దనాయనకో, మేనత్తకో ఫోన్ చేయండి. "పండుగకు రా" అని ఊకే అనకుండా "నువ్వేం తింటవో చెప్పు, అదే వండుతం" అనండి. ఆ జవాబును బట్టి మిగతా ప్లాన్ చేసుకోండి.

చర్చికి పోని తమ్ముళ్ళు, చెల్లెండ్లు, మీకూ ఒక మాట. పిలుస్తే పోండి. పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయేటప్పుడు వాళ్ళను "వస్తరా, బండిల జాగ ఉన్నది" అని అడగండి. వచ్చుడు రాకుడు వాళ్ళిష్టం. అడుగుడు మన పని.

మీ ఇంట్ల ఏం వండుతున్నరో, నక్షత్రం ఎట్ల కట్టిన్రో కింద రాయండి, ఫొటోలు పెట్టండి. ఒప్పుకోని వాళ్ళు కూడా రాయండి, తిట్టకుండా మాట్లాడుకుందాం.

జోహార్.