పిల్లల చేతికి ఏ పువ్వు?

ఫాల్గుణంలో మోదుగ పూసిందంటే మా ఇంట పిల్లలకు పండుగే. రాలిన పూలను రాత్రంతా నానబెట్టి, ఉదయం మరిగించి వడగడితే కాషాయవర్ణం దిగుతుంది. దానితో బొమ్మలు వేస్తారు. మిగిలిన పూలను ఈనెపుల్లలకు గుచ్చి చిలుకలంటారు. కింశుకమన్న పేరు ఊరకే రాలేదు.

గత వసంతంలో మనుమరాలు పచ్చగన్నేరు పూలమాల గుచ్చి, ఆడుకోవడానికి కాయలు కూడా ఒడిలో పోసుకొని వచ్చింది. నా గుండె ఝల్లుమన్నది. కరవీరాన్ని ఆవుపాలలో శోధింపనిదే ఔషధంలో వాడరాదని గురుకులంలో నేర్చిన నేనే, పెరటిలో పచ్చగన్నేరును అందానికి పెంచాను! దాని గింజ హృదయగతినే తప్పిస్తుంది. బిడ్డ నమిలిందన్న అనుమానం కలిగినా గృహవైద్యం వలదు. ఆ క్షణమే ఆసుపత్రికి చేర్చండి. వైద్యుడనై చెబుతున్నాను.

ఆ చెట్టు కొట్టించి మందారం నాటించాను. పూలపని మాత్రం మాన్పించలేదు.