గాల్లోకి లేచాక సంగతేమిటి?

దుబాయ్‌లో ఎగిరే టాక్సీ వీడియో మా మిర్కాబ్ గదుల్లో ఇంకా ఫోను నుంచి ఫోనుకి తిరుగుతూనే ఉంది. 2025 జూన్‌లో జోబీ అనే అమెరికా కంపెనీ అక్కడ చేసిన టెస్ట్ ఫ్లైట్ అది. నిట్టనిలువుగా లేచింది, ముందుకెళ్ళింది, నిట్టనిలువుగా దిగింది. ఇంకేముంది, మనవాళ్ళు శుక్రవారం మెస్సులో పప్పన్నం కలుపుకుంటూ రూట్లు కూడా గీసేశారు... హైదరాబాద్ నుంచి వరంగల్, గన్నవరం నుంచి గుంటూరు, ఒకాయనైతే ఏకంగా రాజంపేట దాకా. పోనీలెండి, ఆశకి పన్ను లేదు. నాకు చిర్రెత్తించింది మాత్రం నాలాగే కోడ్ రాసుకుని బతికే ఒక మిత్రుడి మాట: "బ్యాలెన్సింగ్ అంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది కదా బాస్!"

చూసుకోదండీ. కనీసం మనం అనుకుంటున్న చోట చూసుకోదు.

ఈ రకం విమానాల ప్రచార వీడియోలు తీసి చూడండి. కెమెరా కళ్ళన్నీ లేవడం మీదా, దిగడం మీదా. నాలుగు ప్రొపెల్లర్లు తిప్పి బరువుని గాల్లో నిలబెట్టడం పెళ్ళిళ్ళలో వీడియో తీసే డ్రోన్ కూడా చేస్తుంది. అక్కడ సాఫ్ట్‌వేర్‌దే రాజ్యం, కాదనను. ఏ మోటారు ఎంత తిరగాలో సెకనుకి వందలసార్లు చెప్పేది అదే. అసలు పరీక్ష లేచిన తరవాత, ముందుకి సాగేటప్పుడు. దాన్నే క్రూజ్ అంటారు.

క్రూజ్‌లో బరువు మోసేది రెక్క. రెక్క పైకెత్తే బలం లిఫ్ట్, గాలి వెనక్కి లాగే బలం డ్రాగ్. ఈ రెండిటి నిష్పత్తి మీదే బతుకంతా. ఒక చిన్న లెక్క వేద్దాం. విమానం బరువులో 30 శాతం బ్యాటరీ, కిలోకి 200 వాట్-అవర్లు, మోటార్లలో, ప్రొపెల్లర్లలో పోయింది పోగా 75 శాతం చేతికొస్తుందనుకోండి. లిఫ్ట్ డ్రాగ్‌కి 5 రెట్లుంటే సుమారు 80 కిలోమీటర్లు పోతుంది. 10 రెట్లుంటే 165. ఇందులోంచి లేవడానికీ, దిగడానికీ, దిగే చోట అడ్డంకి ఉంటే పక్కకెళ్ళడానికీ తీసి పక్కన పెట్టాలి. హైదరాబాద్ నుంచి వరంగల్ దాదాపు 145 కిలోమీటర్లు. మిగిలిందెంతో మీరే చూసుకోండి. ఆ 5 ని 10 చేసేది విమానం ఆకారం. ఏ కోడూ కాదు.

ఆకారం దగ్గరే తంటా. పైకి లేపిన ప్రొపెల్లర్లని క్రూజ్‌లో ఏం చెయ్యాలి? ఆపేసి అలాగే ఉంచితే, పెళ్ళయ్యాక ఊడదియ్యని పందిరి గుంజల్లాగా గాలికి అడ్డం నిలబడతాయి. రెండు రెక్కలున్న ప్రొపెల్లర్‌ని గాలివాటుకి తిప్పి లాక్ చేస్తే డ్రాగ్ కొంత తగ్గుతుంది, పోదు. జోబీ లాగా ముందుకి వంచితే డ్రాగ్ తగ్గుతుంది, ఇంకో భూతం లేస్తుంది. రెక్క చివర తిరిగే పెద్ద ప్రొపెల్లర్ మీద గాలి బలాలూ, దాన్ని మోసే రెక్క వంగుడూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని, వేగం ఒక హద్దు దాటితే ఊపు పెరిగి పెరిగి రెక్కనే విరిచేస్తాయి. దీనికి విర్ల్ ఫ్లటర్ అని పేరు. అమెరికా సైన్యం వాడే వి-22 ఆస్ప్రేలో దీనికి విరుగుడుగా ఏం చేశారో తెలుసా? రెక్క మందాన్ని దాని వెడల్పులో 23 శాతం చేశారు. అంత మందానికి డ్రాగ్ రూపంలో కప్పం కట్టాల్సిందే. తెలిసే కట్టారు.

"ఇదంతా పాత కాలం" అంటారేమో. 2022 ఫిబ్రవరి 16న కాలిఫోర్నియాలో ఇదే జోబీ వారి విమానం, మనిషి లేకుండా, గరిష్ఠ వేగం పరీక్షిస్తుండగా కూలింది. వేగం 181 నాట్లు. ఒక ప్రొపెల్లర్ బ్లేడు విరిగింది, ఆ అదురుకి మిగతావీ దెబ్బతిన్నాయి, అదుపు పోయింది. లేచేటప్పుడు కాదు, దిగేటప్పుడు కాదు. జోరుగా ముందుకి పోతున్నప్పుడు.

సాఫ్ట్‌వేర్ సంగతి కూడా విని తీరాలి. 2000 డిసెంబర్ 11న నార్త్ కరోలినాలో ఒక ఆస్ప్రే, విమానం తీరు నుంచి హెలికాప్టర్ తీరుకి మారుతుండగా, హైడ్రాలిక్ గొట్టం ఒరుసుకుని తెగింది. హెచ్చరిక దీపం వెలిగింది. పైలట్లు నేర్పినట్టే రీసెట్ నొక్కారు. నొక్కినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ రెండు రోటర్ల బ్లేడ్ల కోణం మార్చింది. లీకు వల్ల రెండు వైపులా ఒకే వేగంతో స్పందించలేదు. మళ్ళీ నొక్కారు, మళ్ళీ కుదుపు. నలుగురూ పోయారు. మన ఆఫీసుల్లో "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి" అనే మంత్రం ఉందే, దాని ఖరీదు అది.

ఇంకో తీరు చూడాలంటే విశాఖ వెళ్ళండి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి చూసినవాళ్ళు అక్కడే సీ హారియర్ ముందు కూడా కాసేపు నిలబడాలి. మన నౌకాదళం 1983 నుంచి 2016 దాకా నడిపిన విమానం. ఇంజన్ నాజిల్స్ నాలుగు కిందకి తిప్పితే లేస్తుంది. అప్పుడు దాన్ని నిలకడగా ఉంచేది ముక్కు, తోక, రెక్కల చివర్ల నుంచి వచ్చే గాలి చిమ్ములు. నాజిల్స్ వెనక్కి తిప్పగానే అవి మూతపడతాయి, మామూలు విమానం తోకా రెక్కలే పని చేస్తాయి. లేవడానికి పెట్టిన సరంజామా క్రూజ్‌లో దారికి అడ్డం రాదు. అందం అంటే అదీ. (ఆ ఇంజన్ తాగే ఇంధనం సంగతి ఇప్పుడొద్దు.)

కువైట్‌లో కూర్చున్నాను గనక ఎండ గురించి చెప్పకపోతే పాపం. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు. 50 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత, 15 డిగ్రీలప్పటి కంటే పది శాతానికి పైగా పడిపోతుంది. రెక్క అదే కోణంలో అదే బరువు మొయ్యాలంటే ఆరు శాతం వేగంగా పోవాలి. గాల్లో నిలబడటానికీ ఇంచుమించు అంతే అదనపు పవరు కావాలి.

నేను టెక్నాలజీకి శత్రువుని కాదండోయ్. 2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపడం మొదలెట్టినప్పుడు సంబరపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. చిన్న బరువు, లోపల మనిషి లేడు, రోడ్డు సరిగా లేని పల్లెకి మేలు. మనుషుల్ని ఎక్కించడం వేరే మాట. అంత ఆర్భాటం చేసిన జర్మన్ కంపెనీలు లిలియం 2024 అక్టోబర్‌లో, వోలోకాప్టర్ డిసెంబర్‌లో దివాలా దరఖాస్తు పెట్టుకున్నాయి. మునిగింది ఎక్కువగా మదుపరుల సొమ్ము. మన దగ్గర స్థలాలిచ్చి రాయితీలిస్తే మునిగేది మీ అమ్మానాన్నలు కట్టిన పన్ను, మనం పంపిన దినార్లతో కొన్న ఫ్లాటు మీద రిజిస్ట్రేషన్ ఫీజు.

కాబట్టి వర్టిపోర్ట్‌కి ఎకరాలడుగుతూ ఎవరొచ్చినా లేచే వీడియో చూపిస్తే చాలదనండి. క్రూజ్‌లో లిఫ్ట్-డ్రాగ్ నిష్పత్తి ఎంత, లెక్కగట్టిందా కొలిచిందా? క్రూజ్ వేగంలో ఒక ప్రొపెల్లర్ పోతే మిగతా వాటితో ఎంతసేపు అదుపులో ఉంది, ఎవరి ఎదుట పరీక్షించారు? అదీ మే నెలలో, మిట్టమధ్యాహ్నం, రెంటచింతల ఎండలో పరీక్షించిన కాగితం తెమ్మనండి.