మెట్రో కంటే ముందు రావాల్సినవి

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా బెజవాడ మెట్రోకి అచ్చంగా సరిపోతుంది. 2015లో అమరావతి మెట్రో రైల్ కార్పొరేషన్ అని కంపెనీ పెట్టారు. తర్వాత దాని పేరు ఆంధ్రప్రదేశ్ మెట్రో రైల్ కార్పొరేషన్‌గా మారింది. పేరు రెండుసార్లు పెట్టారు గానీ, 2015 నుంచి పదేళ్ళు గడిచినా పటమటలో బందరు రోడ్డు మీద ఒక్క పిల్లరూ లేవలేదు :)

ముందు లెక్కలు చూద్దాం. 2015లో ఢిల్లీ మెట్రో వాళ్ళు తయారుచేసిన డీపీఆర్ ప్రకారం బస్టాండు నుంచి రెండు లైన్లు. ఒకటి పటమట మీదుగా పెనమలూరుకి, ఇంకొకటి ఏలూరు రోడ్డు మీదుగా నిడమానూరుకి. మొత్తం సుమారు 26 కిలోమీటర్లు, 6,769 కోట్లు. అంటే కిలోమీటరుకి దాదాపు 260 కోట్లు. 2024 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్న ప్లానులో రెండో లైను గన్నవరం దాకా సాగింది. 38.4 కిలోమీటర్లు, 11,009 కోట్లు. కిలోమీటరుకి 287 కోట్లు.

"తొమ్మిదేళ్ళలో ఇంతేనా పెరిగింది, పర్లేదే" అనిపిస్తుంది. కానీ ఇవి రెండూ కాగితం మీది అంచనాలే. మొదటి అంచనా మీద టెండర్లు పిలిస్తే కాంట్రాక్టర్లు దానికి మించి కోట్ చేశారు, టెండర్లు రద్దయ్యాయి. ఆ తర్వాత కేంద్రం 2017లో కొత్త మెట్రో పాలసీ తెచ్చింది, మనవాళ్ళు లైట్ మెట్రో అన్నారు, మళ్ళీ కొత్త కన్సల్టెంటు, కొత్త డీపీఆర్. 2019లో ప్రభుత్వం మారాక అదీ అటకెక్కింది. రిక్వైర్‌మెంట్లు మూడు నెలలకోసారి మార్చే క్లయింటు దగ్గర పనిచేసినవాళ్ళకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. కోడు ఒక్క లైను రాయకుండానే బడ్జెట్ కరిగిపోతుంది.

మెట్రో దాకా ఎందుకు, కనకదుర్గ ఫ్లైఓవర్‌నే తీసుకోండి. 2015 డిసెంబర్‌లో శంకుస్థాపన. 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాలకి ఇస్తామన్నారు. ప్రారంభమైంది 2020 అక్టోబర్‌లో. కొండకీ కృష్ణకీ మధ్య కట్టడం కష్టమే, కాదనను. ఆ కష్టం తెలిసీ ఎనిమిది నెలల గడువు పెట్టడమే నా అభ్యంతరం. అది పని చూసి వేసిన గడువు కాదు, పంచాంగం చూసి వేసిన గడువు.

అసలు ఖర్చు ఎక్కడ పెరుగుతుంది? న్యూయార్క్‌లో 2017 జనవరి 1న తెరిచిన సెకండ్ అవెన్యూ సబ్‌వే మొదటి దశ మూడు కిలోమీటర్లు కూడా లేదు, సుమారు 450 కోట్ల డాలర్లు మింగింది. స్టేషన్లని అవసరానికి మించి భారీగా కట్టడం అందుకు ఒక ముఖ్య కారణం. అదే మాడ్రిడ్‌వాళ్ళు 2003లో తెరిచిన మెట్రోసుర్ 40 కిలోమీటర్లు, 28 స్టేషన్లు, అంతా భూగర్భంలోనే, సుమారు మూడేళ్ళలో పూర్తిచేశారు. వాళ్ళు చేసిన మాయేమీ లేదు. అనుభవమున్న సొంత ఇంజనీర్ల చిన్న టీము, అన్ని స్టేషన్లకీ దాదాపు ఒకే డిజైను, తక్కువ కోట్ ఒక్కటే చూడకుండా కాంట్రాక్టరుని ఎంచుకోవడం. అంత దూరం వద్దంటారా? ఢిల్లీ మెట్రో మొదటి దశ గడువు కన్నా ముందే పూర్తయింది.

కాబట్టి నేననేది ఇదీ. ఒకటి, కన్సల్టెంటు ఇచ్చిన రిపోర్టుని చదివి "ఇక్కడ తప్పుంది" అని చెప్పగలిగే ఇంజనీర్లు కార్పొరేషన్‌కి సొంతంగా ఉండాలి. రెండు, మంచినీటి పైపులు, డ్రైనేజీ, కరెంటు కేబుళ్ళు ఎక్కడున్నాయో ముందే సర్వే చేసి, అవి జరిపి, స్థలం చేతికొచ్చాకే పెద్ద కాంట్రాక్టరుని రోడ్డు మీదకి దించాలి. లేకపోతే ఆయన మెషీన్లు ఖాళీగా నిలబడిన ప్రతి రోజుకీ క్లెయిము వేస్తాడు. మూడు, ప్రతి కూడలికీ ఒక ఐకానిక్ స్టేషన్ అక్కర్లేదు. ఎండా వానా తగలకుండా రైలెక్కితే చాలు. నాలుగు, పని మొదలయ్యాక రూటు మార్చాలంటే ఎంత ఖర్చో, ఎన్ని నెలలో లెక్కగట్టి జనం ముందు పెట్టాలి.

"మన ఊరికి మెట్రో ఎందుకండీ, బస్సులు చాలవా?" అనేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బస్సుల ప్రయోగం కూడా చూశాం కదా. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం డబ్బులతో వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డుకి ఆ పేరు మిగిలింది గానీ, అనుకున్న బస్సు వ్యవస్థ మాత్రం రాలేదు. పై నాలుగూ లేకపోతే బస్సైనా రైలైనా అదే గతి.

పనులు మొదలైతే బందరు రోడ్డు మీద బారికేడ్లు లేస్తాయి. పటమటలో అద్దె దుకాణం పెట్టుకున్నవాడు రెండేళ్ళయితే ఎలాగో ఈదుతాడు, ఐదేళ్ళయితే షట్టర్ దించేస్తాడు. వాడి నష్టం ఏ డీపీఆర్‌లోనూ కనపడదు. అందుకే "మెట్రో ఎప్పుడు?" అని కాకుండా "కింద పైపులు జరిపారా, స్థలం వచ్చిందా, డిజైను ఫ్రీజ్ అయిందా?" అని అడుగుదాం. రోజూ మన ప్రాజెక్టుల్లో అడిగే ప్రశ్నలే కదా, మన ఊరి కోసం అడగలేమా?