వీణ చేయించుకొనుట

దుకాణములో వస్తువు కొనుట వేరు. పనివాని యింటికి పోయి చేయించుకొనుట వేరు. మొదటిదానిలో వెల చెల్లించిన తోడనే సంబంధము తీరిపోవును. రెండవదానిలో అది అప్పుడే మొదలగును. ఈ భేదము తెలియుటకు నూజివీడు వీణ మనకు సమీపముననే యున్న పాఠము.

విజయవాడకు ఈశాన్యమున, డెల్టా మాగాణము ముగిసి మెట్టనేల మొదలగు చోట నున్న నూజివీడు, మామిడిపండ్లకే గాక వీణలకును పేరుపొందినది. 2022లో ఆ పట్టణము కృష్ణాజిల్లానుండి ఏలూరు జిల్లాకు మారినను, విజయవాడ సంగీతప్రియులకు పరాయిది కాలేదు.

వీణకు పనసకఱ్ఱ శ్రేష్ఠము. అది బాగుగా ఆరవలెను. పచ్చికఱ్ఱను తొలిచినచో బీటలువారును. కుండ, దండి, యాళిముఖము ఒక్క దుంగలోనే మలచినది ఏకాండవీణ. వేరువేరుగా చేసి అతికినది మరియొక రకము. వీనిలో ఏది కావలెనో, వాయించునది పెద్దలో పిల్లలో, ఏ శ్రుతికి కావలెనో చేయించుకొనువారు ముందే చెప్పవలెను. కఱ్ఱ కొనుటకు తగిన బయానా ఈయవలెను. ఆపైన కఱ్ఱ సంగతి పనివాడు చెప్పును, అది వినవలెను. పెండ్లి దగ్గరపడినదని ఎంత తొందరపెట్టినను కఱ్ఱ తొందరగా ఆరదు.

కఱ్ఱపని ముగిసిన పిదప అసలు పరీక్ష వచ్చును. దండిపై మైనపు గట్లు పోసి, వానిమీద 24 మెట్లను ఒక్కొక్కటిగా నిలిపి, తీగ మీటి, స్వరము సరిపడువరకు వెంట్రుకవాసి జరుపుచు కూర్చుందురు. దీనినే మేళము కట్టుట యందురు. ఇచ్చట కొలబద్ద చాలదు, చెవియే కొలత. వేసవి యెండకు మైనము మెత్తబడినను, ఏండ్ల వాడుకచే మెట్లు అరిగినను, మరల మేళము కట్టింపవలసినదే. వీణ మన యింటికి వచ్చినను దాని ప్రాణము సగము పనివాని చెవిలోనే యుండును.

ఆపద ఇచ్చటనే కలదు. చేయించువారు లేక పనివాని ఉలి మూలబడినచో, రేపటి వీణలతోపాటు నిన్నటి వీణలును మూగవోవును. తండ్రి చెవికి పట్టుబడిన సూక్ష్మము కొడుకు చెవికి చేరవలెనన్న, ఆ కొడుకు ఆ పనితోనే బ్రతుకగలుగవలెను. బేరమాడి తగ్గించిన ప్రతి రూపాయియు అతనిని వేరు పనివైపు ఒక్కొక్క అడుగు త్రోయును.

1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసినది. ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాలయు అచ్చట కలదు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబుల పేర్లు విద్యార్థులకు చెప్పుట మంచిదే. వీణను తొలిచిన చేతులను గూడ వారికి చూపవలెను. ఉపాధ్యాయులు తమ విహారయాత్రలలో ఒక పూటను నూజివీడు పనిశాలకు కేటాయింతురు గాక! పాఠశాలలో మూలబడిన వీణ యున్నచో దానిని వెంట గొనిపోవుదురు గాక! మెట్టు జరుగుటయు, స్వరము కుదురుటయు ఒక్కసారి తన చెవితో విన్న విద్యార్థి, పెద్దవాడైన పిదప పనివాని గడపలో నిలిచి, వెల ఎంతయని యడుగుటకు ముందు, ఎన్నినాళ్లు ఆగవలెనని యడుగును.